రెండు దగ్గర ఖాళీ సున్నా

రోజూ పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నా ఫోన్ ఒకసారి వణికేది. ‘గేట్ నంబర్ రెండు దగ్గర మీ కోసం విజిటర్ ఉన్నారు. అనుమతించాలా? తిరస్కరించాలా?’ నేను చూసేదాన్ని కూడా కాదు. నా బొటనవేలు దానంతటదే వెళ్లి ‘తిరస్కరించు’ మీద పడేది. ఐదు నెలలు ఇదే వరస.

హైటెక్ సిటీలో ఏ ఆఫీసుకు వెళ్లినా ఈ తంతు ఉంటుంది. బయటి మనిషి లోపలికి రావాలంటే గేటు దగ్గర పేరు, నంబరు చెప్పాలి. సెక్యూరిటీ వాళ్లు ట్యాబ్‌లో కొడతారు. లోపలున్న ఉద్యోగి ఫోన్‌కు కబురు వస్తుంది. ఉద్యోగి సరేనంటే అడ్డంగా ఉన్న ఇనప కడ్డీ తిరిగి దారిస్తుంది. కాదంటే ఎంతటి వాడైనా బయటే. నా నంబరు ఏ సంతలో అమ్ముడుపోయిందో గానీ, ప్లాట్లు అమ్మేవాళ్లు, క్రెడిట్ కార్డులు అంటగట్టేవాళ్లు రోజూ గేటు దగ్గరికి వచ్చి నా పేరే చెప్పేవారు. లోపలికి రాలేకపోతే రంగురంగుల కరపత్రాలు వదిలిపోయేవారు. అవి పట్టుకుని గేటు దగ్గరి చంద్రమ్మ నా వెంట పడేది. జనవరిలో ఒకరోజు విసుగెత్తి పదిమంది వింటుండగా ఆమె మీద అరిచాను.

"నా కోసం ఎవడొచ్చినా, ఏ కాగితమిచ్చినా నా దాకా తేవద్దు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాచుకోవడం ఎందుకు? నా కింద పద్దెనిమిది మంది పనిచేస్తారు. నేను వస్తుంటే నవ్వులు ఆగిపోతాయని నాకు తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాన్న చిన్నప్పుడు వందసార్లు చెప్పారు. నా చెవికెక్కలేదు.

మా నాన్న వెంకటనారాయణ గారు బాపట్లలో ముప్ఫై నాలుగేళ్లు జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్. అమ్మ పోయాక హఫీజ్‌పేట్‌లో మా ఫ్లాట్‌కు వచ్చేశారు. నా కూతురు యశస్వినికి లెక్కలు చెప్పడం, మంగళవారాల్లో లోకల్ రైలెక్కి బోరబండలో ఉన్న స్నేహితుడు సోమేశ్వరరావు గారింటికి చదరంగానికి వెళ్లడం, అంతే ఆయన లోకం. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. క్లాసులో బోర్డు మీద తప్పు చేశానని ఇంటికొచ్చాక తెలిస్తే, మర్నాడు వేరే లెక్చరర్ పీరియడ్ నడుస్తున్నా సరే, గుమ్మంలో నిలబడి అనుమతి అడిగి, సుద్దముక్క తీసుకుని, అదే బోర్డు మీద దిద్ది వచ్చేవారు. "తప్పు ఎవరి ఎదుట చేశామో వాళ్ల ఎదుటే దిద్దుకోవాలి అమ్మాయ్. సందులో చెవిలో చెప్తే అది దిద్దుకోవడం కాదు" అనేవారు. పిల్లలు నవ్వితే నవ్వనిచ్చేవారు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం సాయంత్రం యశస్విని పరీక్ష పేపరు తెచ్చింది. ఒకే లెక్కలో నాలుగు మార్కులు పోయాయి. పీస్‌వైజ్ ఫంక్షన్‌కు గ్రాఫ్ గీయాలి. నాన్న దాన్ని ముక్కల ప్రమేయం అనేవారు. లెక్క చిన్నదే. x రెండు కంటే తక్కువుంటే దానికి ఒకటి కలపాలి. రెండైనా, అంతకంటే ఎక్కువైనా విలువ ఎప్పుడూ ఐదే. మొదటి గీత ఏటవాలుగా ఎక్కుతూ మూడు ఎత్తు దాకా వస్తుంది గానీ, సరిగ్గా రెండు దగ్గర నిలబడే హక్కు దానికి లేదు. అందుకని దాని కొసన ఖాళీ సున్నా పెట్టాలి. రెండో గీత ఐదు ఎత్తున మొదలవుతుంది, ఆ చోటు దానిదే కాబట్టి అక్కడ నిండు చుక్క పెట్టాలి. "ముక్కలు ఎన్నైనా ఉండనీ తల్లీ, సరిహద్దు మీద మాత్రం ఒక్కడే నిలబడాలి" అని నాన్న యశస్వినికి ఎన్నోసార్లు చెప్పడం నేనే విన్నాను.

యశస్విని రెండు కొసలా నిండు చుక్కలు పెట్టింది. ‘ఒకే xకు రెండు విలువలా?’ అని టీచరు పక్కన రాసింది. నోటుపుస్తకం తిరగేస్తే, నాన్న తన చేత్తో గీసి ఇచ్చిన గ్రాఫ్‌లోనూ రెండూ నిండుగానే ఉన్నాయి.

"అది ఖాళీ సున్నానే అమ్మాయ్. నేను ఖాళీగానే వదిలాను" అన్నారు నాన్న, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని.

చిన్న సున్నా, లావు జెల్ పెన్ను. సిరా కలిసిపోయి అది చుక్కైపోయింది. ఆయనకది కనపడలేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ చేయించమని డాక్టరు అప్పటికి ఆరు నెలల కిందటే చెప్పాడు. "ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోనివ్వండి నాన్నా, సెలవు పెడతాను" అంటూ నేను మూడు రిలీజ్‌లు దాటించాను. ఆ సాయంత్రం నాకు అదేమీ గుర్తు రాలేదు. ఆఫీసులో మేనేజర్ తిట్టిన తిట్లు మాత్రం గుర్తున్నాయి.

"కళ్లెదుట కనిపిస్తుంటే అబద్ధమెందుకాడతారు నాన్నా? చేతకాకపోతే చేతకాదని ఒప్పుకోండి. రేపట్నుంచి దీన్ని ఆన్‌లైన్ క్లాసులో వేస్తున్నాను. మీరింక దాని పుస్తకం ముట్టుకోకండి."

పిల్ల ఎదుటే అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. అన్నం తినకుండా పడుకున్నారు. పెద్దాయన అలిగారు, పొద్దున్నకి అదే తగ్గుతుందిలే అనుకున్నాను. మంగళవారం ఆయన గది తలుపు తెరవకముందే ఆఫీసుకు వెళ్లిపోయాను. పదకొండింటికి కాస్త ముందు ఆయన దగ్గర్నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. మీటింగులో ఉన్నాను, రెండుసార్లూ కట్ చేశాను. పన్నెండున్నర దాటాక ఆయన నంబరు నుంచే మళ్లీ వచ్చింది. ఈసారి ఎత్తాను. మాట్లాడింది నాన్న కాదు. హైటెక్ సిటీ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దాయన పడిపోయారు, ఈ ఫోన్ ఆయనదే, మీరేమవుతారని ఎవరో అడిగారు.

మంగళవారం కదా, చదరంగానికి బయల్దేరి ఉంటారనుకున్నాం. హఫీజ్‌పేట్ తర్వాత హైటెక్ సిటీ, ఆ తర్వాతే బోరబండ. రైల్లో ఒంట్లో బాగోక ఒక స్టేషను ముందే దిగిపోయారని అందరం తీర్మానించుకున్నాం. నా మీద కోపంతో, నాకు చెప్పకుండా స్నేహితుడింటికి పోతూ దారిలో పోయారు. ఐదు నెలలు నేను మోసిన మాట ఇదే. ఎవరికీ చెప్పలేదు. నాన్న కోపంగానే పోయారా అన్న ప్రశ్న పళ్లు తోముకుంటున్నా వదల్లేదు, లిఫ్టులో నిలబడినా వదల్లేదు.

దినాలయ్యాక ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజు నుంచి ఈ పదకొండు పది మొదలైంది. ఏ ప్లాట్లవాడో అనుకున్నాను. శనాదివారాలు ఇంట్లో ఉన్నప్పుడూ వచ్చేది. దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్, రాసినవాళ్లు మనలాంటి వాళ్లేగా అని తిట్టుకుని తిరస్కరించేదాన్ని.

జూలైలో ఒక ఆదివారం పొద్దున యశస్విని డైనింగ్ టేబుల్ నిండా గ్రాఫ్ కాగితాలు పరిచింది. స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. నిజంగా జరిగిన ఒక ప్రయాణం తీసుకుని, ఇంటి నుంచి ఎంత దూరమో నిలువుగా, సమయం అడ్డంగా పెట్టి, పీస్‌వైజ్ ఫంక్షన్‌గా గీయాలి. నేను కాఫీ కప్పు పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ఎవరి ప్రయాణం తీసుకున్నావే?"

"తాతయ్యది" అంది, తలెత్తకుండా. "ఆ రోజుది."

కాఫీ కప్పు కింద పెట్టాను. నాన్న ఫోన్ దాని చేతి పక్కనే ఉంది. ఆయన దారి తప్పిపోతారేమోనని, ఎక్కడికెళ్లారో గుర్తుపెట్టుకునే సదుపాయం అందులో ఆన్ చేసింది నేనే. ఆయన పోయాక అది తెరిచి చూసే ధైర్యం నాకు లేకపోయింది. పిల్లకుంది.

"నాకెవరూ ఏమీ చెప్పలేదు కదమ్మా" అంది. "మీరందరూ తలుపేసుకుని మాట్లాడుకున్నారు. నా వల్లే గొడవైంది. అందుకే నేనే చూసుకుందామనుకున్నా."

"నీ వల్ల కాదే" అన్నాను.

అది పెన్సిల్ మొనతో చూపిస్తూ వచ్చింది. తొమ్మిది యాభైకి ఇల్లు. స్టేషన్ దాకా నడక, గీత మెల్లగా ఎక్కింది. ప్లాట్‌ఫారం మీద కాసేపు, గీత అడ్డంగా నడిచింది. తర్వాత రైలు, నిటారుగా లేచింది. హైటెక్ సిటీ స్టేషన్లో దిగారు.

"ఇక్కడే కదా పడిపోయారు" అన్నాను.

"కాదమ్మా. ఇది పది ఇరవయ్యేడుకే. ఇంకా ఉంది చూడు."

గీత ఇంకా పైకెక్కింది. ఆటో ఎక్కి ఉంటారని రాసుకుంది. పది యాభైకి ఏడు కిలోమీటర్ల ఎత్తుకు చేరి, అక్కడి నుంచి గీత అడ్డంగా పడుకుంది. పది యాభై నుంచి పదకొండు యాభై దాకా ఒకటే గీత.

"వాలు సున్నా అమ్మా. అంటే గంటసేపు కదల్లేదు."

"ఏడు కిలోమీటర్లా? అక్కడేముంది?"

సరిగ్గా అప్పుడే టేబుల్ మీద నా ఫోన్ వణికింది. పదకొండు పది. చెయ్యి దానంతటదే వెళ్లి నొక్కేసింది.

"ఆదివారం కూడానా? ఎవరమ్మా అది?" అంటూనే యశస్విని తాతయ్య ఫోన్‌లో మ్యాప్ పెద్దది చేసి నా వైపు తిప్పింది. "ఏడు కిలోమీటర్ల దగ్గర ఉన్నది మీ ఆఫీసు. గేట్ నంబర్ రెండు."

ఆ తర్వాత చాలాసేపు నా కళ్లకు ఆ అడ్డగీత తప్ప ఇంకేమీ కనపడలేదు. తేరుకుని నా ఫోన్‌లో పాత విజిటర్ల జాబితా తెరిచాను. అన్నీ నేను తిరస్కరించినవే. ప్లాట్లవాళ్లవి వదిలేసి పదకొండు పదివే చూశాను. పేరు దగ్గర ఖాళీ, నంబరు దగ్గర ఖాళీ. కిందికి లాగుతూ పోయాను. జూన్, మే, ఏప్రిల్, మార్చి. వాటన్నిటికంటే అడుగున ఫిబ్రవరి పదకొండు. దానికొక్కదానికే పేరుంది. వెంకటనారాయణ. పని: సొంతం. తిరస్కరించారు.

"ఆఖర్న ఇక్కడ నిండు చుక్కే కదమ్మా పెట్టాలి?" యశస్విని గ్రాఫ్ చివరకు వచ్చింది. అడ్డగీత తర్వాత గీత కిందికి దిగి, ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, పన్నెండు ఇరవైకి ఆగిపోయింది. "అప్పుడు తాతయ్య అక్కడే ఉన్నారు కదా."

నేను లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాను. ఆయన బోరబండకు పోలేదు. ఇంటికి తిరిగొస్తున్నారు.

సోమవారం తొమ్మిదిన్నరకే ఆఫీసులో ఉన్నాను. గేటు వ్యవస్థ చూసుకునే వాళ్ల డెస్కు దగ్గరికెళ్లి, రోజూ వస్తున్న ఈ కబురు ఎక్కణ్నుంచో కనుక్కోమన్నాను. అక్కడున్నతను గంటసేపు వెతికి తల గోక్కున్నాడు. పదకొండు పదికి గేటు నుంచి నాకు ఫిబ్రవరి పదకొండున ఒక్కటే వెళ్లిందట. ఆ తర్వాత ఒక్కటీ వెళ్లలేదట. నా ఫోన్ చూపిస్తే రెండుసార్లు చూసి, "రీఇన్‌స్టాల్ చేయండి మేడమ్" అన్నాడు. ఇంకేమంటాడు పాపం!

కిందికి దిగాను. చంద్రమ్మ నన్ను చూడగానే నిటారుగా నిలబడింది. ఆమెకు నేనంటే భయం. నేనే పెట్టిన భయం.

"చంద్రమ్మా, ఫిబ్రవరిలో ఒక పెద్దాయన నా కోసం వచ్చారు. తెల్ల చొక్కా, లావు కళ్లద్దాలు. గుర్తుందా?"

"గా లెక్కల సారా?" అంది వెంటనే. "ఎందుకు యాదికుండడు మేడం? ఫోన్ల ఏం కనిపిస్తలేదని నంబర్ నన్నే కొట్టమన్నడు. రెండుమార్లు కొట్టిన, మీరు కట్ చేసిండ్రు. ఇగ ట్యాబ్‌ల పంపిన. గది గూడ కట్ చేసిండ్రు. పో తాతా అంటే పోలే. జర సేపు కూసుంటనమ్మా అన్నడు. గీ కుర్చీల్నే కూసుండె."

గోడ పక్కన ఒక కాలు విరిగి తాడుతో కట్టిన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. రోజూ దాని పక్క నుంచే నడిచి వెళ్తాను.

"ఎవరు, ఏమిటి అని అడగలేదా?"

"అడిగిన. లెక్కల మాస్టర్ని, ఒక లెక్క తప్పు చెప్పిన, దిద్దిపోదామని వచ్చిన అన్నడు. నాకేం సమజ్ కాలే. ట్యూషన్లు అమ్ముకునేటోడేమో అనుకున్న. మీ నాయనని చెప్పలే మేడం. చెప్తే నేను ఊకుంటనా?"

నాన్న అని నేను అనలేదు. నా ముఖం చూసి ఆమే గ్రహించింది. గొంతు తగ్గించింది.

"పదకొండున్నరకు మీరు మీ దోస్తులతోని చాయ్‌కి బయటికొచ్చిండ్రు. గా అద్దాల తలుపుకాడ నిలవడి నవ్వుకుంట మాట్లాడిండ్రు. కండ్లు ఆనవు గని, మీ నవ్వు విని గుర్తువట్టిండు. అగో మేడం వచ్చింది, పిలుస్త తాతా అని లేచిన. నా చెయ్యి వట్టుకొని ఆపిండు. వద్దమ్మా, అందరి ముందర వద్దు, నవ్వుతుంది కదా, నవ్వనీ అన్నడు."

అయ్యో నాన్నా! మనవరాలి ఎదుట నేను ఆయన్ని తిట్టాను. నలుగురి ఎదుట నన్ను చిన్నబుచ్చకూడదని ఆయన ఎండలో కూర్చున్నారు. పది అడుగుల దూరంలో నేను ఎవరో చెప్పిన పనికిమాలిన జోకుకు పగలబడి నవ్వుతూ చాయ్ తాగాను. ఆ జోకేమిటో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.

"పోయేటప్పుడు కాయితం ఇచ్చిండు మేడం, మీకియ్యమని. నేను దేలే. మీరే చెప్పిండ్రు కద, ఏ కాయితం తేవద్దని" అంటూ చంద్రమ్మ సొరుగు లాగి, పాత రిజిస్టరు అట్టలో దోపిన విజిటర్ చీటీ తీసింది. "పారెయ్యబుద్ధి గాలే. గంటసేపు కండ్లకు ఆనిచ్చుకొని రాసిండు."

చీటీ వెనక నిలువు గీత, అడ్డ గీత. ఏటవాలు గీత కొసన ఖాళీ సున్నా. చిన్నది కాదు, గాజంత పెద్దది. పొరపాటున కూడా సిరా నిండే వీల్లేకుండా గీశారు. పైన ఐదు దగ్గర నిండు చుక్క. కింద వంకర అక్షరాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

‘జయంతీ, పొద్దున భూతద్దం పెట్టి చూశాను. రెండూ నిండే ఉన్నాయి. నువ్వు చెప్పిందే నిజం, నేను గమనించలేదు. రెండు దగ్గర ఇది ఖాళీ. యశస్వితో దిద్దించు. అన్నం వేళకు ఇంటికి వెళ్లిపోతాను, కంగారు పడకు.’

కోపం లేదు. ఒక్క అక్షరంలోనూ లేదు. ఉండి ఉంటే బాగుండుననిపించింది. కోపమైతే కోపంతో మోసేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ గేటు దగ్గర తెలిసింది. ఆ సున్నా నిండిపోయింది ఆయన చేతివల్ల కాదు. మూడు రిలీజ్‌ల వెనక నేను దాచిపెట్టిన ఆ రెండు కళ్లవల్ల. తప్పు దిద్దుకోవలసింది నేనైతే, ఆయన వచ్చి దిద్దిపోయారు.

చేతిలో ఫోన్ వణికింది. పదకొండు పది.

ఈసారి చదివాను. ‘గేట్ నంబర్ రెండు దగ్గర మీ కోసం విజిటర్ ఉన్నారు.’ చంద్రమ్మ వైపు చూశాను. ఆమె ట్యాబ్ బల్ల మీద నల్లగా ఉంది, ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. గేటు ముందు మనిషి లేడు. కుర్చీ ఖాళీగా ఉంది.

‘అనుమతించు’ నొక్కాను.

ఇనప కడ్డీ కిర్రుమని తిరిగింది. మనిషి నడిచి వెళ్తే ఎంతసేపు తిరుగుతుందో అంతసేపే తిరిగి, మళ్లీ మూసుకుంది. చంద్రమ్మ ఉలిక్కిపడి లేచి దాన్ని అరచేత్తో ఒకటి చరిచింది.

"గిదేంది, ఎవరూ లేకుంటనే తిరిగింది?"

"రండి నాన్నా" అన్నాను. పైకే అన్నాను. చాయ్‌కి వచ్చినవాళ్లు నలుగురు ఆగి నా వైపు చూశారు. చూడనీ. "తప్పు నాది నాన్నా. మీది కాదు" అని వాళ్లందరికీ వినపడేలా చెప్పాను.

ఆ సాయంత్రం యశస్విని ఆ చీటీ ముందు పెట్టుకుని, పాత నోటుపుస్తకంలో గ్రాఫ్‌ను మళ్లీ గీసింది. ఖాళీ సున్నాను తాతయ్య గీసినంత పెద్దగానే గీసింది.

మంగళవారం పదకొండు పదికి నా ఫోన్ వణకలేదు. బుధవారమూ వణకలేదు. రెండు వారాలైంది, రానే లేదు. ఇప్పుడు ఆ వేళకు నేనే కిందికి దిగి, తాడు కట్టిన ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. మొదట్లో చంద్రమ్మ అడిగింది, ఎవరి కోసం చూస్తుండ్రు మేడం అని. ఇప్పుడు అడగడం మానేసి, కుర్చీని నీడలోకి జరిపి ఉంచుతోంది. పదకొండు యాభై దాకా కూర్చుని లేస్తాను.